సగం బ్రిడ్జి

డ్రాయింగ్ క్లాసా? ఐదేళ్ళైనా నిండలేదు కదమ్మా మీ పాపకి! సరేలే, మంచిదే, వెయ్యి. నేనేం వద్దనట్లేదు. ఎవరు చెప్తున్నారు? దేవీచౌక్ దగ్గర మేడ మీద బోర్డు పెట్టారే, అదేనా? ఊఁ... ఊఁ... ఫోన్లో బొమ్మ చూపించి అచ్చం అలాగే దింపమంటున్నారా? మా అన్నయ్య వినుంటే ఆ మేడ మెట్లెక్కి ఆవిడతో దెబ్బలాడి మరీ వచ్చేవాడు. మా పెద్దన్నయ్యే అశ్వినీ, అప్పాజీ మాస్టారు. నీకు తెలీదులే, నువ్వీ వాటాలోకి వచ్చేసరికే ఆయన పోయి చాలా కాలమైంది. నువ్వు గ్యాసు బండ పెట్టుకున్నావే, ఆ మూలే ఆయన కుర్చీ ఉండేది. మునిసిపల్ స్కూల్లో డ్రాయింగ్ మాస్టారు. వదిన పోయింది, పిల్లల్లేరు. నేనూ అప్పటికే ఒంటిదాన్ని. ఇద్దరం ఒక పొయ్యి మీదే బతికేశాం. ఆయన సంగతి చెప్పాలంటే... కూర్చో, ఆ చిక్కుడుకాయలు ఇలా ఇయ్యి, ఈనెలు తీస్తూ చెప్తాను.

డ్రాయింగ్ మాస్టారంటే మామూలుగా ఏంటి? బోర్డు మీద మామిడిపండు వేస్తాడు, పిల్లలు చూసి దింపుతారు, కింద టిక్కు పెడతాడు, గంట కొట్టేస్తారు. అన్నయ్య అలా కాదు. ఒకటో తరగతి పిల్లల్ని కూడా వదిలేవాడు కాదు. హెడ్‌మిస్ట్రెస్ సూర్యకళగారని ఉండేవారు, చాలా పెద్దమనిషి. ఆవిడ, "ఈ బుడ్డోళ్ళకి బొమ్మలెందుకు మాస్టారూ, పలకలు విరక్కొట్టుకోడానికి తప్ప?" అనేవారు. ఈయనేమో, "అక్షరాలొచ్చేస్తే వీళ్ళు చూడ్డం మానేస్తారండి. ఆలోపే నాకివ్వండి" అనేవాడు. ఆ క్లాసు చూడాలి నువ్వు! ముందు పెన్సిల్ ముట్టుకోనిచ్చేవాడు కాదు. ఒక కుర్చీ తిరగేసి బల్ల మీద పెట్టేవాడు. "కుర్చీ గియ్యొద్దర్రా. కుర్చీకాళ్ళ మధ్యన ఖాళీ ఉంది చూశారా, ఆ ఖాళీ ఏ ఆకారంలో ఉందో అది గియ్యండి" అనేవాడు. అరటిగెల పట్టుకెళ్ళి నడిమధ్యన వేలాడదీసి, చుట్టూ పిల్లల్ని కూర్చోబెట్టి, "నీకెన్ని కాయలు కనపడుతున్నాయి? వాడికెన్ని? వాడికెందుకు తక్కువ కనపడ్డాయి?" అని అడిగేవాడు. నా ఇత్తడి చెంబు చూపించి, మళ్ళీ సంచీలో పెట్టేసి, "ఇప్పుడు గియ్యండి, ఇందాక మూతి ఎంత వెడల్పుందీ?" అనేవాడు. నా వంటింట్లో సామానంతా ఆ స్కూల్లోనే ఉండేదమ్మా, అట్లకాడ కోసం నేను స్కూలుకెళ్ళి అడుక్కొచ్చిన రోజులున్నాయి! నవ్వకు, నిజమే.

ఇంకోటి, పిల్లలందరూ ఒకే బొమ్మ వేస్తారు చూడు, రెండు కొండలు, మధ్యన సూర్యుడు, కింద ఏరు, పక్కన ఇల్లు. ఆ బొమ్మ కనపడిందా, అన్నయ్యకి ఒళ్ళు మండిపోయేది. "ఏరా, మనకి సూర్యుడు ఎక్కడ దిగుతాడ్రా? గోదారవతల, కొవ్వూరు మీద కదా! ఈ కొండలు ఏ ఊరి నుంచి తెచ్చావు? నీకు తెలిసింది గియ్యొద్దు. నీకు కనపడింది గియ్యి." అదీ ఆయన మాట. రోజూ క్లాసు మొదలెట్టే ముందు పిల్లలందరి చేతా అనిపించేవాడు, ఎక్కాలు అప్పజెప్పించినట్టు. "తెలిసింది గియ్యొద్దు, కనపడింది గియ్యి." ఊరికే చెప్పకూడదు, పిల్లల్లో మార్పొచ్చేది. 'ప'కీ 'వ'కీ తేడా తెలీని పిల్లలు తప్పుల్లేకుండా రాసేవారు. లెక్కల మాస్టారు కూడా మెచ్చుకున్నాడు, త్రిభుజం తిప్పి పెట్టినా గుర్తుపడుతున్నారండీ అని. దాంతో మావాడికి కొంచెం... ఎలా చెప్పను, కాలర్ ఎగిరింది. సాయంత్రం గోదారి గట్టు మీద కనపడ్డ వాళ్ళందరితోనూ, "నా చేతి కింద ఏడాది ఉంటే చాలు, ఎలాంటి పిల్లాడికైనా కళ్ళొస్తాయండి" అనేవాడు. నాకు బాగా గుర్తు ఆ మాట.

ఆ పిల్లల్లో వీరబాబని ఒకడు. వాళ్ళమ్మ లోవలక్ష్మి, ఎండుచేపల గంప నెత్తిన పెట్టుకుని మన వీధిలోకీ వచ్చేది. కాకినాడ అవతల సముద్రం మీదికెళ్ళి మొగుడు తిరిగి రాలేదు. పిల్లాణ్ణి చంకనేసుకుని ఇక్కడ అక్కగారి పంచన చేరింది. పిల్లాడు నల్లగా, సన్నగా, నోట్లో నాలుక లేనట్టుండేవాడు. క్లాసులో వాడు మొద్దు కింద లెక్క. బోర్డు మీద ఏం రాసినా పక్కవాడి పలకలోకి తొంగి చూసేవాడు, అందుకు దెబ్బలూ తినేవాడు. కానీ బొమ్మలు మాత్రం, అన్నయ్యే అనేవాడు, దగ్గర్లో ఉన్న వస్తువేదైనా వాడు గీస్తే ప్రాణం వచ్చేదట. రొయ్య గీస్తే మీసంతో సహా గీసేవాడు, ముక్కు కాగితానికి ఆనించి.

ఒక రోజు అన్నయ్య ఒకటో తరగతి మొత్తాన్ని కోటిలింగాల రేవుకి తీసుకెళ్ళాడు. మెట్ల మీద వరసగా కూర్చోబెట్టి, "అదిగో బ్రిడ్జి, గియ్యండి" అన్నాడు. కింద రైలు, పైన బస్సు వెళ్ళే పెద్ద బ్రిడ్జి ఉంది కదా, అదే. పిల్లలందరూ ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా గీతలు లాగి, మీద రైలు కూడా ఎక్కించారు. ఈ వీరబాబు ఏం చేశాడంటే, ఇవతల రెండు మూడు స్తంభాలు చక్కగా గీశాడు, రాళ్ళతో సహా, నీళ్ళలో నీడతో సహా. ఆ తర్వాత ఏం లేదు. కాగితం ఖాళీ. అన్నయ్య వెనకాల నించుని చూసి, "మిగతా బ్రిడ్జి ఏదిరా?" అన్నాడు. వాడు తలెత్తి గోదారి వైపు చూసి, "లేదండి" అన్నాడు. "లేదా! ఎక్కడికి పోయింది?" "అక్కడ ఏం లేదండి మాస్టారూ." ఇంక అన్నయ్యకి నవ్వాగలేదు. ఆ కాగితం పైకెత్తి అందరికీ చూపించి, "ఒరే, ఇటు చూడండ్రా! మన వీరబాబు బ్రిడ్జి ఎక్కితే రైలు ఇక్కడిదాకా వచ్చి గోదాట్లోకి బుడుంగున దూకేస్తుంది! టిక్కెట్టు కొవ్వూరికి తీసుకున్న వాళ్ళంతా ఈదుకుంటూ పోవాలి!" అన్నాడు. నలభై మంది పిల్లలు, నవ్వరూ మరి? రేవులో స్నానాలు చేసేవాళ్ళు కూడా నవ్వారట. వాడు మాత్రం ఆ కాగితం కోసం చెయ్యి చాపి అలాగే నించున్నాడు. అన్నయ్య ఇంటికొచ్చి నాకూ చెప్పి నవ్వించాడు. చెడ్డ మనిషి కాదమ్మా. ఎగతాళి చేద్దామని కాదు. హాస్యం అలవాటు, అంతే. ఆ బొమ్మని గోడకి కూడా తగిలించాడు, కింద "చూడకుండా గీస్తే ఇలా ఉంటుంది" అని రాసి. అది మొదలు పిల్లాడికి "సగం బ్రిడ్జి" అని పేరు పడిపోయింది. "ఒరే సగం బ్రిడ్జీ, బంతి అందుకోరా" అని వీధిలో పిలిచేవారు. వాళ్ళమ్మ కూడా అదేదో ముద్దుపేరనుకుందట పాపం.

ఆ తర్వాత వాడు దారిలోకి వచ్చాడు. అంటే, అన్నయ్య అలా అనుకున్నాడు. ఎప్పుడు రేవుకి తీసుకెళ్ళినా ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా నిండుగా బ్రిడ్జి గీసేవాడు. అన్నయ్య గుడ్ పెట్టాడు. "చూశావా, ఒక్కసారి నలుగురిలో సిగ్గుపడితే ఎలా దారికొచ్చాడో" అన్నాడు నాతో.

అలా వాడు మూడో తరగతికొచ్చాడు. కార్తీకమాసం వనభోజనాలకి పిల్లల్ని పడవ మీద గోదారి మధ్యనున్న లంకకి తీసుకెళ్ళారు స్కూలువాళ్ళు. సూర్యకళగారు పులిహోర బేసిన్ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారట. పడవ బ్రిడ్జి పక్కనుంచి, గోదారికి అడ్డంగా వెళ్తోంది. ఉన్నట్టుండి ఈ వీరబాబు లేచి నించుని అరిచాడట. ఎప్పుడూ నోరెత్తని పిల్లాడు! "మాస్టారండీ! మాస్టారండీ! బ్రిడ్జి వస్తోందండీ! ఇందాక లేదండీ, ఇప్పుడుందండీ! అదిగోనండి, ఇంకో స్తంభం వచ్చింది! ఇంకోటండీ!" పడవ ముందుకెళ్ళేకొద్దీ వాడికి ఒక్కో స్తంభమే పుట్టుకొస్తోందన్నమాట. చప్పట్లు కొడుతున్నాడు. పిల్లలంతా ఘొల్లున నవ్వారు. అన్నయ్య కూడా ముందు నవ్వబోయాడట. నవ్వు సగంలో ఆగిపోయిందన్నాడు. వాడి పక్కకెళ్ళి కూర్చుని, "ఒరే, ఆ స్తంభం తర్వాత ఏం కనపడుతోందిరా నీకు?" అని అడిగాడు. వాడు టక్కున నోరు మూసేశాడు, తప్పు చేసి దొరికిపోయినట్టు. "కొట్టన్రా, చెప్పు." వాడు అటే చూస్తూ, "ఏం లేదండి, తెల్లగా ఉందండి" అన్నాడు. "తెల్లగానా?" "ఆయ్. ఎప్పుడూ అలాగే ఉంటదండి." అన్నయ్య అరచేత్తో వాడి కుడికన్ను మూసి, "ఇప్పుడు?" అన్నాడు. వాడు ఈయన మొహంలోకి మొహం పెట్టి చూసి, "ఇప్పుడు మీ మొహం కూడా పోయిందండి" అన్నాడు.

ఆ రోజు లంకలో అన్నయ్య అన్నం ముట్టుకోలేదు. ఇంటికొచ్చి, ఆ మూల కుర్చీలో కూర్చుని, "రామలక్ష్మీ, క్లాసు మొత్తంలో నా మాట విన్నది వాడొక్కడే" అన్నాడు. నాకర్థం కాలేదు. "మిగతావాళ్ళంతా బ్రిడ్జి అవతలిదాకా ఉంటుందని తెలిసి గీశారు. వాడు కనపడిందే గీశాడు. నేను చెప్పింది చెప్పినట్టు చేశాడు. వాణ్ణి నిలబెట్టి నవ్వించాను." మర్నాడు తెల్లారకుండా స్కూలుకెళ్ళి, ఆ గోడ మీది కాగితం తీసేశాడు. లోవలక్ష్మి ఇంటికెళ్ళి, తల్లినీ పిల్లాణ్ణీ కళ్ళాసుపత్రికి తీసుకెళ్ళాడు. అక్కడ డాక్టరుగారు చుక్కలు వేసి, అద్దాలు మార్చి మార్చి చూసి, రెండు కళ్ళకీ దూరం చూపు ఆనట్లేదు, కుడికన్ను కళ్ళజోడుతో బాగుపడుతుంది, ఎడం కన్ను మాత్రం ఆలస్యమైపోయింది అన్నారట. చిన్నప్పట్నుంచీ ఆ కంటికి పనిలేకపోతే మెదడు దాన్ని వదిలేస్తుందటమ్మా. ఏడేళ్ళ లోపు అయితే మంచి కంటికి గుడ్డ కట్టి, రెండోదాన్ని దారిలో పెట్టొచ్చట. "రెండేళ్ళ ముందు తెచ్చినా బాగుండేది. స్కూల్లో ఎవరూ గమనించలేదా మాస్టారూ?" అని డాక్టరుగారు అడిగారు. మామూలుగానే అడిగారు, తప్పుపట్టి కాదు. ఈయన, "లేదండి" అన్నాడు. డ్రాయింగ్ మాస్టార్ని నేనేనండి అనలేకపోయాడు. ఆ ఒక్క "లేదండి" అన్న మాట ఎన్నిసార్లు తల్చుకున్నాడో! అన్నం కలుపుతూ కలుపుతూ ఆగిపోయేవాడు. "ఏంటన్నయ్యా?" అంటే, "ఏం లేదు, ఆయన అడిగినప్పుడైనా చెప్పాల్సింది" అనేవాడు.

గుడ్డ కట్టి చూశారులే. వీరబాబు రోజూ సాయంత్రం ఇక్కడికే వచ్చేవాడు. మంచి కంటికి గుడ్డ కట్టి, ఎడం కంటితో బియ్యంలో రాళ్ళు ఏరించేవాడు, పూసలు గుచ్చించేవాడు అన్నయ్య. చాలా రోజులు చేశారు. ఏదో కాస్త వెలుగు తెలిసింది, అంతకు మించి రాలేదు.

అసలు బాధ అది కాదమ్మా. లోవలక్ష్మి ఊరుకుందా? గంప దించిన ప్రతి గుమ్మంలోనూ ఇదే కథ. "మా ఓడికి కళ్ళిచ్చింది అప్పాజీ మాస్టారేనండి. కన్నదాన్ని, నాకే తెలీలేదండి. పడవలో సూసి ఇట్టే పట్టేశారండి ఆ మారాజు!" మా ఇంటికి ఎండురొయ్యలు పొట్లాం కట్టి తెచ్చేది, డబ్బులిస్తే ఏడ్చేది. దాని గొంతు వీధి మొదట్లో వినపడగానే ఈయన చెప్పులు చేత్తో పట్టుకుని పెరటి గుమ్మంలోంచి వెళ్ళిపోయేవాడు. అంత వయసు మనిషి, పెరట్లో బావి వెనకాల నక్కి నించునేవాడు. "చెప్పెయ్యరాదూ?" అన్నాను నేను. ఒకసారి ధైర్యం చేసి చెప్పాడు కూడా. "లోవలక్ష్మీ, వాడికి చూపు ఆనట్లేదని నాకు ముందే తెలియాల్సింది. తెలుసుకోకపోగా నవ్వాను" అన్నాడు. ఆవిడ, "అయ్యో బాబూ, మాకే తెలీనిది తవరికెలా తెలుస్తదండి! పెద్ద మనసు తవరిది" అని ఆయన కాళ్ళకి దణ్ణం పెట్టింది. ఆ దణ్ణం పెట్టినప్పుడు ఆయన మొహం నేను చూశాను. కొట్టినా అలా అయ్యేది కాదు.

ఆ తర్వాత సన్మానం ఒకటి. ఊళ్ళో ఏదో సంఘం వాళ్ళు ఉత్తమ ఉపాధ్యాయుడని హాలు పెట్టి, పూలదండా శాలువా వేశారు. ఆ పిల్లాడికి కళ్ళజోడు పెట్టించి స్టేజి మీద ముందు వరసలో కూర్చోబెట్టారు, చూపించడానికి. అన్నయ్య రానన్నాడు, సూర్యకళగారు బతిమాలి లాక్కెళ్ళారు. మైకు చేతికిచ్చారు. ఈయన, "అయ్యా, నేను దీనికి తగనండి. ఈ పిల్లాడి కన్ను పోయింది నా మూలంగానండి. రెండేళ్ళు నా ఎదురుగానే..." అన్నాడో లేదో, అధ్యక్షుడుగారు మైకు లాగేసుకుని, "చూశారా అండీ! ఎంత వినయం! ఇంత చేసి ఇంకా చెయ్యలేదనే బాధ!" అన్నాడు. చప్పట్లే చప్పట్లు. నేను ఆడవాళ్ళ వైపు కూర్చున్నాను, నాకు చేతులు రాలేదు. ఇంటికొచ్చాక ఆ శాలువా మడతపెట్టి ఇస్త్రీ బల్ల మీద పరిచాడు. అలాగే కాలీ కాలీ పోయింది అది.

పాఠం చెప్పడం మాత్రం మానలేదు. మానేస్తే ఇంకా సిగ్గుచేటు అనేవాడు. కానీ మనిషి మారిపోయాడు. క్లాసులో హాస్యాలు పోయాయి. ఏ పిల్ల ఏం గీసినా, తప్పని నోటితో అనేవాడు కాదు. వెళ్ళి ఆ పిల్ల పక్కనే, కింద, దాని తల ఎత్తులో తల పెట్టి కూర్చుని, "నీకెలా కనపడుతోందమ్మా, నాకూ చూపించు" అనేవాడు. మోకాళ్ళ నొప్పులతో లేవలేక పిల్లలే చెయ్యిచ్చి లేపేవారు. అలా కూర్చుని కూర్చుని ఇంకొందరు పిల్లల్ని కనిపెట్టి ఆసుపత్రికి పంపాడు. ఆ సంగతి ఎవరైనా పొగడబోతే మాట మార్చేసేవాడు. గోదారి గట్టుకి షికారు వెళ్ళడం కూడా మానేశాడు. ఊరంతా గట్టు మీదే ఉంటుంది, ఈయన మాత్రం తాడితోట వైపు, బజార్లో దుమ్ములో నడిచేవాడు.

వీరబాబు చదువుకున్నాడమ్మా. కళ్ళజోడొచ్చాక మొద్దు అన్నమాటే లేదు. డిగ్రీ చేశాడు. రైల్వేలో ఉద్యోగానికి పరీక్ష రాశాడు, అందులో వచ్చింది. పరుగు పెట్టించారు, అందులోనూ నెగ్గాడు. చివర్న మెడికల్‌లో తీసేశారు, ఎడం కంటి చూపు లేదని. ఇప్పుడు కడియంలో మొక్కల నర్సరీలో ఉన్నాడులే, పెళ్ళైంది, బాగానే ఉన్నాడు. కానీ ఆ రోజు, తీసేశారని తెలిసిన రోజు, తిన్నగా ఇక్కడికే వచ్చాడు. అన్నయ్య అప్పటికి రిటైరై ఉన్నాడు, ఆయాసం కూడా. పిల్లాడు ఆ గడప మీద కూర్చున్నాడు. నేను వంటింట్లో ఉన్నాను, అన్నీ వినపడుతున్నాయి. అన్నయ్య మొత్తం చెప్పాడు. డాక్టరుగారు అడిగిందీ, తను లేదండి అన్నదీ, గోడకి బొమ్మ తగిలించిందీ, ఏదీ దాచలేదు. "నేను ఆ రోజు నవ్వకుండా ఒక్కసారి అడిగుంటే ఈ రోజు నీకు ఉద్యోగం వచ్చేదిరా" అన్నాడు.  వాడు చాలా మెల్లిగా, కోపంగా కూడా కాదమ్మా, మామూలుగా చెప్పుకొచ్చాడు. "మాకు రెండో తరగతిలో స్కూల్లోనే కళ్ళు చూశారు కదండీ మాస్టారూ. గోడకి అక్షరాల అట్ట పెట్టి. పట్టీలో నా పేరు చివర్న కదండీ. ముందు వాళ్ళు చదివింది విని బట్టీ పట్టేశానండి. ఒక కన్ను మూసినా అదే చెప్పాను, రెండోది మూసినా అదే చెప్పాను. నర్సమ్మగారు బాగుంది, పొమ్మన్నారు. కనపట్లేదు అని చెప్దామనే అనుకున్నానండి. మీరు పక్కనే నించున్నారు కదండీ... మళ్ళీ నవ్వుతారేమోనని."

ఊఁ.

ఏమన్నాడా? కుర్చీ దిగి, ఆ గడప పక్కనే కింద, వాడి తల ఎత్తులో తల పెట్టి కూర్చున్నాడమ్మా.

కరెంటొచ్చినట్టుంది, మోటారు స్విచ్ వేసిరా. ట్యాంకులో చుక్క నీళ్ళు లేవు పొద్దున్నించీ.